కాకి లెక్క

ఉత్తరంలో మూడే వాక్యాలు.
టామ్సిన్ పెన్‌రోజ్ గారూ, మీ ఇంటికీ ఆసుపత్రికీ దూరం
ఒకటి పాయింట్ ఎనిమిది మైళ్ళు.
రెండు మైళ్ళ లోపు వాళ్ళకి పార్కింగ్ పర్మిట్ లేదు.
మూడోది, నడక గుండెకి మంచిదని.

ఎలా కొలిచారని ఫోన్ చేశాను.
మ్యాపు మీద తిన్నగా గీత గీస్తామండీ,
కాకి ఎగిరినట్టు, అంది ఆ అమ్మాయి.
పాపం, మర్యాదగానే అంది.

కాకే మరి.
ట్రూరో ఊరి పైకప్పుల మీంచి, రైలు వంతెన మీంచి,
ఆటుకి బురద తేలిన నది మీంచి
చంకన ఏ బరువూ లేకుండా పోయే కాకి.
దాని పిల్లలకి బూట్లుండవు.
దాని గూటికి తెరిచే వేళలుండవు.

నా దారి వేరు.
ఆసుపత్రికి వీపు తిప్పి
ముందు మైలున్నర వెనక్కి పోవాలి, నర్సరీకి.
తలుపు ఏడున్నరకి గాని తియ్యరు.
ఏడూ నలభై అయిదుకి నా మొదటి ఎక్స్‌రే.
ఆ పదిహేను నిమిషాల్లో
జోరీ ఒక బూటు విప్పేస్తాడు,
ఎలోవెన్ నా కాలరు వదలదు,
గుమ్మంలో టీచరు, నిన్న రాత్రి దగ్గిందా అని అడుగుతుంది.
అబద్ధం చెబుతాను.

పార్క్ అండ్ రైడ్ ఉందిగా, అంటారు.
ఉంది, ఊరికి ఆ చివర.
తోపుడుబండి మడిచి ఎక్కమంటాడు డ్రైవరు.
చంకలో ఒకతె, చేతిలో ఒకడు.
మూడో చెయ్యి ఏ కొట్లో అమ్ముతారో చెబితే
అప్పు చేసైనా కొంటాను.
మా ఆయన కేడన్
రాత్రంతా పాల ట్యాంకరు తోలి
తొమ్మిదికి ఇల్లు చేరతాడు,
తాళం తలుపుకే వదిలి సోఫాలో పడతాడు.

అందుకే గేటు పక్క గడ్డి మీద ఆపుతాను.
డెంజిల్ వస్తాడు, చేతిలో చిన్న మిషను.
నాకూ మనవలున్నారమ్మా, అంటూనే రాస్తాడు.
అద్దానికి పసుపు కవరు.
సాయంత్రం దాన్ని చూసి జోరీ చప్పట్లు కొడతాడు,
అమ్మా, మనకి మళ్ళీ ఉత్తరం!

ఆరు దాటితే నర్సరీలో
ప్రతి పది నిమిషాలకీ అయిదు పౌన్లు.
తుంటి విరిగిన పెద్దాయన్ని
బల్ల మీద సగం తిప్పి వదిలి రాలేను కదా.
ఒక్కోరోజు రెండు జరిమానాలూ
ఒకే జేబులో పడి నలుగుతాయి.

ఎముకల డాక్టరు హర్లీ గారిది సముద్రం ఒడ్డున ఇల్లు,
పదకొండు మైళ్ళు.
ఆయనకి పేరు రాసిన చోటుంది.
వచ్చేది మంగళవారం, గురువారం.
మిగతా మూడు రోజులూ ఆ చోట్లో వాన ఆగుతుంది.
ఆయన మంచివాడే.
కావాలంటే వాడుకో టామ్సిన్, అన్నాడు ఓసారి.
కుదరదట. గీత ఆయన పేరున ఉందట.

మొన్న ఆదివారం
వంటింటి గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి
బొమ్మ కార్లన్నీ వరస పెట్టాడు జోరీ.
పోలీసు కారుకో గడి, అగ్నిమాపక బండికో గడి,
మూడు చక్రాలే మిగిలిన లారీకి కూడా ఒకటి.
చివర్లో ఎర్ర ట్రాక్టరు వచ్చింది,
వెనక తొట్టిలో ఇద్దరు చెక్క మనుషులతో.
నువ్వొద్దు, అన్నాడు వేలు చూపించి.
నీ ఇల్లు దగ్గరే. నడువు.

గిన్నెలు తోముతున్నదాన్ని
నీళ్ళు కట్టలేదు చాలాసేపు.

ఇవాళ బుధవారం.
ఏడూ యాభై రెండుకి
ఒక భుజాన బ్యాగు, కోటు జేబులో చిన్న సాక్సు,
ఎవరిదో చూసుకునే తీరిక లేక పరిగెడుతుంటే
హర్లీ గారి చోట్లో, సరిగ్గా తెల్లగీతల మధ్య
కాకి ఒకటి దిగింది.
రెక్కలు సర్దుకుని
ఎవరో పారేసిన రొట్టె ముక్క తీరిగ్గా పొడుచుకుంటోంది.

డెంజిల్ దాని పక్కనించే నడిచి
నా కారు వైపు వస్తున్నాడు.